ప్రాణం పోయినా ఆపకూడని ఇన్వర్టర్

పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీద ఐదంతస్తుల అద్దాల బిల్డింగు ఒకటి ఉండేది. ఉండేది అంటే, అది ఇప్పటికీ ఉంది. అందులో నేను లేను. ఎండాకాలంలో పైనున్న సూర్యుడొకడు, అద్దాల్లో సూర్యుడొకడు చెరోవైపు నుంచీ కాలుస్తుంటే ఎదురుగా బస్టాపులో నిలబడ్డ జనం అప్పడాల్లా వేగిపోయేవారు. బేగంపేటలో దిగాల్సిన విమానాల పైలట్లు ఆ మెరుపు చూసి ఇదే రన్‌వే అనుకుని కిందికి వంగి, డాబాల మీద ఆరేసిన లుంగీలు కనపడగానే నాలుక కరుచుకుని పైకి లేచిపోయేవారని నేను అందరికీ చెప్పేవాణ్ణి. చెప్పడం నా హక్కు. ఆ బిల్డింగుకి నేను మేనేజర్ని.

మేనేజర్ అనగానే మరీ ఎక్కువ ఊహించుకోకండి. మెట్ల కింద ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక తాళంచెవుల గుత్తి. కుర్చీలోంచి గబుక్కున లేస్తే తల మెట్టుకి కొట్టుకునేది. అందుకని ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఎవరికీ పూర్తిగా లేచి నమస్కారం పెట్టలేదు. వినయం వల్ల నడుం వంగిందని చూసినవాళ్ళు మెచ్చుకునేవారు.

అంతకు ముందు టైపు మిషన్లు అమ్మే కంపెనీలో స్టోర్సు చూసేవాణ్ణి. కంప్యూటర్ వచ్చి మా కంపెనీని మింగేసింది. మింగి కనీసం త్రేన్చను కూడా లేదు, అంత చిన్న ముద్ద మేము. అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరంతో కాలిపోతోంది. ఉద్యోగానికి ఎక్కడికి వెళ్ళినా బెంచీ మీద నున్నటి గడ్డాల కుర్రాళ్ళు వరసగా కూర్చుని ఉండేవారు. నన్ను చూడగానే లేచి చోటిచ్చి, "మీ అబ్బాయి లోపలికి వెళ్ళాడా అంకుల్?" అని ఆప్యాయంగా అడిగేవారు. ఆ ఆప్యాయత దెబ్బకి నేను లోపలికి వెళ్ళకుండానే ఇంటికి వచ్చేసిన రోజులున్నాయి. ఇల్లంటే యూసుఫ్‌గూడలో ఒక పోర్షన్. మంచం మీద కాలు చాపితే వంటింట్లో పోపు డబ్బా తగిలేది. అందులో నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ. ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనేవారు కాదు. అదే భరించలేకపోయేవాణ్ణి.

అలాంటప్పుడు దొరికింది మెట్ల కింద కుర్చీ. ఇది పోతే ఇంకో కుర్చీ లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోనక్కర్లేదు, అది నన్ను వదిలిపెడితేగా.

బిల్డింగు ఓనరుని అందరూ సేఠ్ అనేవారు. నేను మాత్రం మా వైపు అలవాటు చావక సేఠ్ గారు అనేవాణ్ణి. ఆయన యాభై దాటిన మనిషి. ఆ స్థలంలో ఒకప్పుడు వాళ్ళ బర్రెల కొట్టం ఉండేదట. ఇప్పుడు రిసెప్షన్ సోఫాలున్న చోట పచ్చగడ్డి వేసేవారట. ఆ మాట ఆయనే గర్వంగా చెప్పేవాడు. వచ్చినవాళ్ళు అది విని సోఫాలో కొంచెం ముందుకు జరిగి కూర్చునేవారు.

ఆ బిల్డింగు ప్రత్యేకత తలుపులు. ప్రతి అంతస్తులోనూ మెట్ల వైపు ఒక అద్దం తలుపు, కింద రోడ్డు వైపు ఇంకోటి. వాటికి గొళ్ళెం లేదు, తాళంకప్ప లేదు. పైన ఇటుకంత అయస్కాంతం. కరెంటు ఉన్నంతసేపూ అది తలుపుని పట్టుకునే ఉంటుంది. కార్డు చూపిస్తే వదుల్తుంది. కింద లాబీలో బీరువా అంత ప్యానల్, దానికి ఎర్రదీపాలూ పచ్చదీపాలూ. పైకప్పులో పొగ వాసన పట్టే బొడిపెలు. ఇవన్నీ బిగించిన కంట్రాక్టరు రంగు ఆరకముందే గల్ఫ్ వెళ్ళిపోయాడు. పోతూ పోతూ నా చేతిలో ఒక ఇంగ్లీషు పుస్తకం పెట్టాడు. తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. అంతా ఇందులోనే ఉంది సార్ అన్నాడు. నిజమే, అంతా అందులోనే ఉంది. బయటికి రావడానికి మాత్రం ఒప్పుకునేది కాదు.

మొదటి వేసవిలోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పోగానే అయస్కాంతాలు చేతులెత్తేశాయి, తలుపులన్నీ వాటంతటవే విచ్చుకున్నాయి. లోపలున్న ఏసీ చల్లదనం మెల్లిగా రోడ్డు దాటి బస్టాపులో వేగుతున్న జనాన్ని తాకింది. తర్వాత జరిగింది వలస. ముందు ఒక ముసలాయన వచ్చి సోఫాలో కూర్చున్నాడు. ఆయన వెనక ఇద్దరు టీచరమ్మలు, ఒక గ్యాస్ స్టవ్వు రిపేరు మనిషి, ఆయన స్టవ్వు, బంతిపూల బుట్టతో ఒకావిడ, మరమరాల బండి. బండి కూడా ర్యాంపు మీదుగా శుభ్రంగా లోపలికి వచ్చేసింది. కాసేపటికి బస్టాపు అక్కడ లేదు, మా లాబీలో ఉంది. బస్సువాడు ఖాళీ స్టాపు దగ్గర ఆపి హారన్ కొడుతుంటే లోపలి నుంచి వస్తున్నాం ఉండమని కేకలు వేస్తున్నారు. సరిగ్గా అప్పుడే సేఠ్ గారు కారు దిగాడు.

ఆయన అరవలేదు. మరమరాలు తింటున్న ముసలాయన పక్కన కూర్చుని, చుట్టూ చూసి నాతో ఒకటే మాటన్నాడు.

"కరెంటు పోతే తలుపు తెరుసుకునుడేందన్నా? గిదేం తలుపు? మా కొట్టంల తడిక సుత గిట్ల తెరుసుకోకపోయేది."

మన ఊళ్ళో కరెంటుకి సంబంధించిన ఏ కష్టానికైనా ఒకటే మందు. ఆ సాయంత్రానికే ఇన్వర్టర్ వచ్చింది. మామూలుది కాదు, దాని బ్యాటరీలు లోపలికి మోసుకొస్తుంటే నలుగురు మనుషుల వీపులు ధనుస్సుల్లా వంగాయి. ఒక్కొక్క అంతస్తు ల్యాండింగులో ఒక్కొక్కటి. ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కి అయస్కాంతం పక్కన మూత తీసి నన్ను పిలిచి చూపించాడు. కరెంటుకీ తాళానికీ మధ్యలో ఆ ప్యానల్ తాలూకు డబ్బా ఒకటి అడ్డంగా ఉందట, తలుపు పక్కన గోడకున్న, ఆపదలో అద్దం పగలగొడితే తాళం వదిలే ఆకుపచ్చ డబ్బా తీగలు కూడా అడ్డమేనట. ఇవి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తాళానికి కరెంటు కట్ చేస్తాయన్నాడు. "తీసేసి డైరెక్ట్ ఇస్తున్న సార్. ఇగ ఢిల్లీల కరెంటు పోయినా మీ తలుపు తెరుసుకోదు." నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, అతనికి టీతో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా తెప్పించాను.

సేఠ్ గారు మురిసిపోయాడు. నేను సెక్యూరిటీ గార్డుని పిలిచి, ప్రాణం పోయినా సరే ఈ ఇన్వర్టర్లు ఆపకూడదని గట్టిగా చెప్పాను. అతను హడావిడిలో వాచీ ఉన్న ఎడమ చేత్తోనే సెల్యూట్ కొట్టాడు. చెప్పిన మాట రాయి మీద చెక్కించుకునే రకం మనిషి. సందు దొరికినప్పుడల్లా ఆ రాయిని తుడిచి పెట్టుకునేవాడు కూడా.

ఆ తర్వాత బెంగళూరు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మా బిల్డింగులో మూడంతస్తులు తీసుకుంటామని కబురు చేసింది. అప్పటికి బిల్డింగులో ఉన్నది నేనూ, గార్డూ, మూడో అంతస్తు బయటి అంచున ఒక పావురాల జంటా. సేఠ్ గారికి సంతోషంతో నడక మారిపోయింది. కానీ ఒక మెలిక. సంతకాలకు ముందు వాళ్ళ సేఫ్టీ ఆఫీసరు ఒకావిడ వచ్చి బిల్డింగు చూస్తుంది. అలారం గురించీ తలుపుల గురించీ మేనేజర్ని ప్రశ్నలు అడుగుతుంది.

సేఠ్ గారు నా బల్ల ముందుకొచ్చి వంగి, మెట్ల కిందికి తల పెట్టి చెప్పాడు.

"అన్నా, ఆమె అడిగినదానికి నువ్వు మంచిగ చెప్పాలె. ఆళ్ళొస్తే నువ్వున్నవు. రాకపోతే నేను మళ్ళ బర్రెల్నే కట్టేసుకుంట. బర్రెలకు మేనేజర్ ఎందుకన్నా?"

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ లేవబోయి తల మెట్టుకి కొట్టుకున్నాను.

ఆ రాత్రి నుంచీ ఆ లావు పుస్తకంతో నా కుస్తీ మొదలైంది. అందులో మాటలన్నీ ఇంగ్లీషు మాటలే, విడివిడిగా చూస్తే అన్నీ తెలిసినవే. కలిసినప్పుడు మాత్రం నన్ను ఎరగనట్టు మొహం తిప్పుకునేవి. జోన్ అంట. టాంపర్ అంట. ఆంటీ పాస్‌బ్యాక్ అంట. ఫెయిల్ సేఫ్ అంట. ఫెయిలైతే క్షేమం ఎలా ఉంటుందో, నా పదో తరగతి రిజల్టు వచ్చిన రోజు మా నాన్న బెల్టు తీసినప్పుడు తెలుసుకున్నవాణ్ణి నేను. ఒక్కో పేజీ చదివేసరికి మంచినీళ్ళు తాగి, పిల్లల మొహాలు చూసి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చేవాణ్ణి. బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్ళి మొక్కుకున్నాను కూడా. మొక్కు ఏమిటని అమ్మవారు వివరంగా అడిగితే చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. ఆ మాటలే కదా తల్లీ నాకు రానివి అని దణ్ణం పెట్టుకుని వచ్చేశాను.

ఇక మిగిలింది అమీర్‌పేట.

ఆ రోజుల్లో అమీర్‌పేట అంటే మీకు చెప్పాలి. మైత్రీవనం ముందు నిలబడి గాలి పీలిస్తే నాలుగు కోర్సుల సిలబస్ ఊపిరితిత్తుల్లోకి పోయేది. గోడ కనిపిస్తే పోస్టరు, పోస్టరు మీద పోస్టరు. కొన్ని గోడల్లో ఇటుకలు ఎప్పుడో రాలిపోయి పోస్టర్ల మీదే బిల్డింగు నిలబడి ఉండేది. కరపత్రాలు పంచేవాళ్ళు చేతిలో పెట్టేవారు, వద్దంటే జేబులో పెట్టేవారు, జేబు లేకపోతే భుజం మీద శాలువాలా కప్పేవారు. అలాంటి చోట అలారం చదువు దొరక్కుండా పోతుందా అని నా ఆశ.

ఎక్కడా దొరకలేదు. ప్రపంచంలో ఉన్న అన్ని కంప్యూటర్ భాషలూ చెప్తామన్నారు, తలుపు గురించి చెప్పమంటే తలుపు చూపించారు. చివరికి ఒక ఇన్‌స్టిట్యూటు మెట్లు ఎక్కాను. అవి ఎంత ఇరుకంటే, ఒకడు ఎక్కుతుంటే దిగేవాడు గోడకి కాలెండరులా అంటుకుపోవాలి. పైన ఒకటే హాలు, దానికి ఒకటే తలుపు. కిటికీలన్నిటినీ బయటి నుంచి ఫ్లెక్సీ బోర్డు మూసేసింది. లోపల ఒక్కో కుర్చీలో ఒకటిన్నర మనిషి. కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి నేను చెప్పింది విని, "ఆ కోర్సు లేదండీ" అంది. నా మొహం చూసి ఏమనుకుందో, "ఇవాళ్టికి లేదు" అని సర్దింది. లోపల్నుంచి ఫ్యాకల్టీని పిలిచింది.

ఆయన పాతికేళ్ళ కుర్రాడు. ఉదయం బ్యాచ్‌కి మెయిన్‌ఫ్రేమ్, మధ్యాహ్నం టెస్టింగ్, సాయంత్రం స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పేవాడు. నా చంకలో పుస్తకం చూశాడు.

"మెటీరియల్ ఉందన్నమాట."

"ఉందండి. అర్థమే కాదు."

"మెటీరియల్ ఉంటే కోర్సు ఉన్నట్టే సర్. ఇవాళ ఇచ్చి వెళ్ళండి, రేపటి నుంచి క్లాసు."

మర్నాటికి ఆ పుస్తకానికి జిరాక్సు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి, దాని మీద వాళ్ళ ఇన్‌స్టిట్యూటు పేరు వేయించి నాకే ఇచ్చారు. బోర్డు మీద ఆయన రాసుకుంటూ పోయేవాడు, నేను దించుకుంటూ పోయేవాణ్ణి. పద్ధతి ఒక్కటే: ప్రశ్న, జవాబు, బట్టీ. మధ్యలో నేను ఒక్కసారి చెయ్యెత్తి, ఇది బిల్డింగులో ఎలా పని చేస్తుందండీ అని అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. "ఇంటర్వ్యూలో అలా అడగరు సర్. డెఫినిషన్ అడుగుతారు. డెఫినిషన్ చెప్తే మీరు సేఫ్" అన్నాడు. నాకు అంతకన్నా తీపి మాట ఆ ఏడాదిలో ఎవరూ చెప్పలేదు.

ఇక బట్టీ మొదలైంది. ఇంగ్లీషులో నాలుక తిరక్క, వాటిని పదో తరగతి సైన్సు పుస్తకం తెలుగులోకి మార్చుకున్నాను. బస్సులో గొణుక్కునేవాణ్ణి. పక్క సీటాయన స్తోత్రం అనుకుని చెప్పులు విప్పి కూర్చునేవాడు. ఇంట్లో మా ఆవిడ చేతికి కాగితాలిచ్చి అప్పజెప్పేవాణ్ణి. ఆవిడ బీరకాయ చెక్కు తీస్తూ అడిగేది.

"ఫెయిల్ సేఫ్."

"కరెంటు పోయినప్పుడు గానీ, మంటల అలారం మోగి కరెంటు ఆపినప్పుడు గానీ, తాళము తనంతట తాను వదిలివేసి లోపలివారిని బయటికి పోనిచ్చు ఏర్పాటును ఫెయిల్ సేఫ్ అందురు."

"ఒక్క అక్షరం పోలేదు. అంటే ఏంటండీ?"

"ఇప్పుడు చెప్పానుగా."

"చెప్పారు. అంటే ఏంటి అని."

"అంటే అదే."

ఆవిడ బీరకాయ పక్కన పెట్టి నన్ను చూసింది. "మీకు తెలిసినట్టు లేదండీ" అంది నెమ్మదిగా. తెలిసినందుకు ఎవరూ మార్కులు వెయ్యరనీ, చెప్పినందుకే వేస్తారనీ నేను కొంచెం గట్టిగానే అన్నాను. పిల్లలు తలలెత్తి చూశారు. ఆవిడ మళ్ళీ బీరకాయ తీసుకుని, "టాంపర్" అంది.

కోర్సు అవగానే సర్టిఫికెట్ ఇచ్చారు. చుట్టూ బంగారు తీగ అంచు, మధ్యలో ఎందుకో ఎగిరే గద్ద, కింద ఇన్‌స్టిట్యూటు ఫోన్ నంబరు. మా పెళ్ళి శుభలేఖ కూడా అంత ఘనంగా లేదు. లామినేషన్ చేయించి సేఠ్ గారి ఫైల్లో పెట్టాను. ఆయన దాన్ని చూసి గద్ద ఎందుకని అడిగాడు. సెక్యూరిటీ అన్నాను.

ఆఫీసరమ్మ వచ్చే రోజు శుక్రవారం పడింది. మంచిరోజని సేఠ్ గారే ఆ రోజు అడిగి పెట్టించాడు. ఆవిడ విజయవాడ మనిషే, బెంగళూరులో స్థిరపడింది. నూలు చీర, కాళ్ళకి బూట్లు, మెడలో ఐడీ కార్డు. మూడో అంతస్తు హాల్లోకి వెళ్ళాం. ఆవిడా, సేఠ్ గారూ, నేనూ. వెనకాలే, మేమంతా పెద్దమ్మ అని పిలిచే సేఠ్ గారి తల్లి కూడా వచ్చింది. పెద్దమ్మకి ఒక నియమం ఉంది. ప్రతి శుక్రవారం వచ్చి గ్రౌండ్ ఫ్లోరు గుమ్మం బయట సాంబ్రాణి పొగ వేసి వెళ్ళేది. ఆ రోజు కొత్త కిరాయిదార్లు దిగే జాగా కదా అని నిప్పుల మూకుడు పట్టుకుని మూడో అంతస్తుకే వచ్చేసింది. మేం లోపలికి రాగానే తలుపు మా వెనక టక్కున పడి, అయస్కాంతం పట్టేసుకుంది.

ఆఫీసరమ్మ అడగడం మొదలుపెట్టింది. ఒక్కో ప్రశ్నకి నా నోట్లోంచి జవాబు మరపట్టిన బియ్యంలా జారిపోతోంది. జోన్ అంది, చెప్పాను. టాంపర్ అంది, చెప్పాను. ఆంటీ పాస్‌బ్యాక్ అంది. ఒకే కార్డుతో బయటికి పోకుండా రెండోసారి లోపలికి రానివ్వకుండుటను అందురు అన్నాను. సేఠ్ గారు తన బర్రె దేశంలోకెల్లా ఎక్కువ పాలిచ్చినంత సంతోషంతో నన్ను చూస్తున్నాడు. నాకు చాలా రోజుల తర్వాత ఊపిరి లోపలిదాకా వెళ్ళింది.

"ఫెయిల్ సేఫ్ అంటే చెప్పండి" అంది ఆవిడ.

ఆ పక్కనే పెద్దమ్మ నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి వేసింది. అది పొగ కాదు, మేఘం. లేచి తిన్నగా పైకప్పు బొడిపెని కప్పేసింది. బిల్డింగంతా ఒక్కసారిగా కూత పెట్టింది. ఆ సైరనుకి మూడో అంతస్తు పావురాలే కాదు, నాంపల్లి పావురాలు కూడా లేచి ఉంటాయి.

ఆఫీసరమ్మ చెదరలేదు. "మంచిదే, టెస్టు దానంతటదే అయిపోయింది" అంది నా చెవి దగ్గరకొచ్చి. "మీరు చెప్పండి."

నేను గొంతు చించుకుని చెప్పాను. కరెంటు పోయినప్పుడు గానీ. మంటల అలారం మోగి కరెంటు ఆపినప్పుడు గానీ. తాళము తనంతట తాను వదిలివేసి. లోపలివారిని.

అక్కడ ఆగిపోయాను. లోపలివారంటే మేమే. నా కళ్ళు తలుపు మీదికి పోయాయి. నిచ్చెన మీద ఎలక్ట్రీషియన్, వాడి చేతిలో డబ్బా, డైరెక్ట్ ఇస్తున్న సార్ అన్న మాట, ఉస్మానియా బిస్కెట్లు అన్నీ ఒకేసారి కనిపించాయి. కింద ప్యానల్ తన పని తాను చేసే ఉంటుంది. ఆపాల్సిన కరెంటు ఆపే ఉంటుంది. కానీ ఆ కరెంటు ఇప్పుడు ఈ తాళానిది కాదు. తాళం ఇన్వర్టర్ పాలు తాగుతోంది. ఢిల్లీలో కరెంటు పోయినా వదలదు. మా ఆవిడ వంటింట్లో అడిగిన ప్రశ్నకి జవాబు నాకు అక్కడ, ఆ పొగలో తెలిసింది.

"తలుపు తెరుచుకోవాలి కదా?" అంది ఆవిడ.

వెళ్ళి కార్డు చూపించాను; కార్డు చదివే డబ్బాకి కూడా ప్యానల్ కరెంటు ఆపేసినట్టుంది, దాని దీపమే వెలగలేదు. లాగాను. తలుపు రాలేదు. నా భుజం కొంచెం వచ్చింది. సేఠ్ గారూ నేనూ కలిసి లాగాం. పక్కనున్న ఆకుపచ్చ డబ్బా అద్దం మోచేత్తో పగలగొట్టాను. దాని డెఫినిషన్ కూడా నాకు వచ్చు. దాని తీగలు ఎవరు తీసేశారో కూడా వచ్చు. సైరన్ కూస్తూనే ఉంది. కిటికీలు తెరుచుకునేవి కావు, అద్దాల బిల్డింగు కదా. పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని దగ్గడం మొదలుపెట్టింది. మొదట మామూలు దగ్గే. తర్వాత ఆమె చేతిలో మూకుడు పక్కకి ఒరిగింది. ఆఫీసరమ్మ దాన్ని అందుకుని దూరంగా పెట్టి ఆమెని నేల మీద కూర్చోబెట్టింది. సేఠ్ గారి మొహంలో రక్తం లేదు. అప్పటిదాకా నా భయమంతా కుర్చీ గురించి. అప్పుడు మాత్రం కుర్చీ గుర్తు లేదు.

అద్దంలోంచి ల్యాండింగులో గార్డు కనిపించాడు. సైరన్ విని పరుగున వచ్చినట్టున్నాడు. ఇన్వర్టర్ పక్కనే అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు, దాన్ని కాపాడుతూ. ఆపమని సైగ చేశాను. అతనికి అర్థమైంది, తల అడ్డంగా ఊపాడు. తలుపు కింద వేలెడు సందు ఉంది. నేను నేల మీద బోర్లా పడుకుని ఆ సందులో నోరు పెట్టాను. అతను అటువైపు బోర్లా పడుకుని చెవి పెట్టాడు.

"ఇన్వర్టర్ ఆపెయ్ భాయ్."

"ప్రాణం పోయినా ఆపొద్దన్నరు సార్."

"అన్నది నేనే. ఇప్పుడు ఆపమంటున్నదీ నేనే."

"గప్పుడు గట్ల, గిప్పుడు గిట్ల అంటే ఎట్ల సార్? సేఠ్ సుత చెప్పిండు. మేనేజర్ సార్ చెప్పినా వినొద్దన్నడు."

పక్కకి తిరిగి చూశాను. పంజాగుట్టలో ఐదంతస్తులున్న సేఠ్ గారు తెల్లచొక్కాతో నా పక్కన నేల మీద పడుకుంటున్నాడు. సందులో నోరు పెట్టాడు.

"నేను చెప్తున్నరా. మా అమ్మ ఉంది లోపల. జర బంద్ చెయ్ బిడ్డా."

గార్డు లేచి సెల్యూట్ కొట్టి స్విచ్చి ఆపాడు. అయస్కాంతం చిన్న శబ్దం చేసి వదిలేసింది. అంత చిన్న శబ్దానికా ఇంత గొడవ అనిపించింది.

పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగి తేరుకుంది. సాంబ్రాణి మంచిదే తెచ్చిననే అని ఆఫీసరమ్మకి చెప్పుకుంది. ఆఫీసరమ్మ చీర కుచ్చిళ్ళు దులుపుకుని నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను.

"డెఫినిషన్ మాత్రం కరెక్టుగానే చెప్పారు" అంది.

కంపెనీ వచ్చింది. రెండు షరతులు పెట్టింది: తాళాల తీగలన్నీ మళ్ళీ ప్యానల్‌కి కలపాలి, వాటిని చూసుకోడానికి తెలిసిన మనిషి ఉండాలి. ఆ రెండో షరతు గురించి చెప్పడానికి సేఠ్ గారు మళ్ళీ మెట్ల కిందికి వంగాడు. ఈసారి నవ్వలేదు. కరెంటు పోతే తలుపు తెరుచుకుంటుందని మొదట కోప్పడింది తనేనని కూడా అన్నాడు, పాపం. అయినా సర్టిఫికెట్ ఉన్నవాడు కావాలంటున్నారన్నాడు.

"నాకూ ఉంది కదండీ" అన్నాను.

"ఉందన్నా. అందుకే నీకు ఇచ్చినోణ్ణే పిలిపించిన. నంబర్ దాని మీదనే ఉండె."

సాయంత్రం మెట్ల కింద కుర్చీలో మా ఫ్యాకల్టీ కూర్చుని ఉన్నాడు. స్పైరల్ బైండింగు పుస్తకం బల్ల మీద ఉంది. నన్ను చూసి గౌరవంగా గబుక్కున లేచాడు. మెట్టు సంగతి చెప్పేలోపే టంగుమని మోగింది. తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టి, ఆ చప్పుడులోనే సెలవు తీసుకున్నాను.

ఇంటికి వెళ్ళే ధైర్యం లేదు. పంజాగుట్ట నుంచి నడుస్తూ పోయాను. ఎవరైనా చూస్తే పని మీద పోతున్నాననుకోవాలని వేగంగా నడిచాను. పని లేనివాడు నడిచినంత వేగంగా ఇంకెవరూ నడవరు. అమీర్‌పేటలో కాళ్ళు వాటంతటవే ఆ ఇరుకు మెట్ల దగ్గర ఆగాయి. పైన కొత్త బోర్డు. అలారం, యాక్సెస్ కంట్రోల్, కొత్త బ్యాచ్, వంద శాతం ఉద్యోగం. కింద మా ఫ్యాకల్టీ ఫోటో. ఆయనకి పంజాగుట్టలో ఉద్యోగం వచ్చిన సంగతి అప్పుడే బోర్డెక్కింది.

ఎందుకెక్కానో తెలియదు, ఎక్కాను. తిట్టడానికే అయి ఉంటుంది. కౌంటర్ అమ్మాయి నన్ను చూసి, పోయిన ప్రాణం లేచి వచ్చినట్టు లేచింది. హాలు నిండా కుర్రాళ్ళు, కూర్చున్నవాళ్ళ ఒళ్ళో కూర్చున్నవాళ్ళు, గుమ్మంలో నిలబడ్డవాళ్ళు. చెప్పేవాడు లేడు.

"మీకు డెఫినిషన్లన్నీ వచ్చు కదా సార్" అంది ఆ అమ్మాయి. అడగడం కాదు, బతిమాలడం. ఒక కుర్చీ కోసం అంతలా ఎవరైనా నన్ను బతిమాలడం అదే మొదటిసారి.

లోపలికి వెళ్ళాను. సుద్దముక్క చేతికిచ్చారు. అన్ని పెన్నులూ ఒకేసారి కాగితం మీద వాలాయి. ఆ మొహాలు నాకు తెలుసు. నెలల తరబడి అద్దంలో చూసిన మొహమే, వాటికి మీసాలు పల్చగా ఉన్నాయంతే. బోర్డు మీద ఫెయిల్ సేఫ్ అని రాశాను. డెఫినిషన్ గొంతు దాకా వచ్చింది. చూపు మాత్రం ఆ హాలుకున్న ఒక్క తలుపు మీదికి పోయింది. దాని ముందు పోగుపడ్డ చెప్పులు, దాని అవతల ఒక మనిషి పట్టే మెట్లు, ఫ్లెక్సీ కప్పేసిన కిటికీలు. సాంబ్రాణి వాసన వచ్చినట్టయింది.

"రాయకండి" అన్నాను. "ముందు లేచి, ఈ గదికి బయటికి పోయే రెండో దారి ఎక్కడుందో చూసి రండి."

లేచారు. కుర్చీలు జరుపుకుంటూ, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ గోడలన్నీ తడిమారు. ఒకడు కిటికీ రెక్క లాగి ఫ్లెక్సీ వెనక వైపు చూసి తిరిగొచ్చాడు. మెల్లిగా ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. లేదు సర్ అన్నారు. వాళ్ళకి అర్థమైందని నాకు గుండె నిండిపోయింది.

ముందు వరస కుర్రాడు చెయ్యెత్తాడు.

"సర్, ఇది ఇంటర్వ్యూలో అడుగుతారా?"